హాలోవీన్ గౌను, దీపావళి చిచ్చుబుడ్డి: పిల్లల ఒంటి మీద బట్ట ఎందుకంత తొందరగా అంటుకుంటుంది

2024లో దీపావళి, హాలోవీన్ రెండూ ఒకే రోజు పడ్డాయి, అక్టోబర్ 31న. మా అక్క వాళ్ళది పాలకొల్లు దగ్గర పల్లెటూరు, మా మేనకోడలికి అప్పుడు ఏడేళ్ళు. ముందు రోజు స్కూల్లో హాలోవీన్ పార్టీ అని ఆన్‌లైన్‌లో నల్ల గౌను తెప్పించారు, మంత్రగత్తె వేషం అనమాట, పైన నెట్ గుడ్డ, మోచేతుల దగ్గర్నుంచి కిందకి వేలాడే చేతులు, నెత్తి మీద కోసు టోపీ. పిల్లకి అది ఎంత నచ్చేసిందంటే మర్నాడు పండక్కి కుట్టించిన పట్టు పరికిణీ మంచం మీద పడేసి మళ్ళీ ఆ గౌనే వేసుకుని వాకిట్లోకి వచ్చేసింది. "మావయ్యా, చిచ్చుబుడ్డి నేను ముట్టిస్తా" అంటే సరే అని కాకరపువ్వొత్తు చేతికిచ్చి పక్కనే నుంచున్నా.

మంట రాలేదండి, ఆ మాట ముందే చెప్పేస్తున్నా. చిచ్చుబుడ్డి రవ్వ ఒకటి ఆ వేలాడే చేతి మీద పడింది, అంతే. నెట్‌లో కందిగింజంత చిల్లు పడి, చిల్లు అంచు నల్లగా గట్టిపడి, ఆ గట్టిపడ్డ ముక్క పిల్ల మణికట్టుకి అతుక్కుపోయింది. బోరు పంపు కింద చెయ్యి పెట్టి చాలాసేపు ఉంచాం. మచ్చ ఇప్పటికీ ఉంది, చిన్నదే. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, పక్కన నుంచుని చూస్తూనే ఉన్నా కదా, ఆ రవ్వ చేతి మీద కాకుండా గౌను కింద కుచ్చిళ్ళలో పడుంటే నేను అందుకునేవాణ్ణా లేదా అని.

అప్పట్నుంచి ఈ విషయం మీద దొరికిందల్లా చదువుతున్నా. మా చుట్టాల్లో ఒక్కొక్కరూ ఒక్కో మాట చెప్తారు, కాటన్ అయితే ఏం కాదంటారు, అమెరికా బట్టలు అంటుకోవంటారు, దీపాల బదులు బ్యాటరీవి పెడితే గొడవే లేదంటారు. ఒక్కోదాంట్లో కొంత నిజం ఉంది, కొంత లేదు.

మన డెల్టాలో హాలోవీన్ ఎక్కడిది, దానికీ నిప్పుకీ ఏంటి సంబంధం

హాలోవీన్ ఐర్లాండ్, స్కాట్లాండ్ వైపు పాత పండగ. చలికాలం మొదలయ్యే ముందు రాత్రి ఆత్మలు తిరుగుతాయని నమ్మి దీపాలు పెట్టేవాళ్ళు. మొదట్లో దుంపలు తొలిచి వాటిల్లో దీపం పెట్టేవాళ్ళంట, జనం అమెరికా వలస వెళ్ళాక అక్కడ గుమ్మడికాయలు పెద్దవి దొరికేసరికి వాటికి మారారు. కాయకి కళ్ళూ నోరూ కోసి, లోపల కొవ్వొత్తి పెట్టి గుమ్మం ముందు నేల మీద పెడతారు. అసలు కీలకం ఆ నేల మీద పెట్టడంలోనే ఉంది. పిల్లలు వేలాడే గౌన్లు వేసుకుని చాక్లెట్ల కోసం ప్రతి గుమ్మం ముందుకీ వస్తారు, దీపం సరిగ్గా గౌను అంచు ఎత్తులో ఉంటుంది, మొహానికి మాస్కు ఉండటంతో కింద ఏముందో పిల్లలకి కనపడదు.

మనకిది కొత్తగా ఏమీ అనిపించకూడదు నిజానికి. దిష్టికి బూడిద గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి గుమ్మం ముందు తిప్పడం మనకి తెలిసిందే. దీపావళి సాయంత్రం గోగుకాడకి నూనెలో ముంచిన తెల్లగుడ్డ చుట్టి వెలిగించి, దిబ్బు దిబ్బు దీపావళి అంటూ పిల్లల చేత నేలకి కొట్టించి, కాళ్ళు కడిగించి లోపలికి తీసుకెళ్ళి తీపి పెడతాం. మిగిలిన టపాకాయలు నాగులచవితికి. కార్తీకమాసం అంతా తులసికోట దగ్గరా, తెల్లారగట్ట అరటి దొప్పల్లో కాలవ మీదా, గోదారి రేవుల్లో మెట్ల మీదా దీపాలే, అన్నీ నేల ఎత్తులోనే. ఆ తర్వాత జనవరిలో భోగి. అంటే అక్టోబర్ నుంచి సంక్రాంతి దాకా మన పిల్లలు నిప్పు పక్కనే తిరుగుతారు, మధ్యలో ఇప్పుడు అక్టోబర్ 31 వచ్చి చేరింది, భీమవరం, రాజమండ్రి, కాకినాడ లాంటి ఊళ్ళల్లో స్కూళ్ళ వల్ల, అపార్ట్‌మెంట్ల వల్ల, అమెరికాలో ఉన్న అన్నయ్య పిల్లల ఫొటోలు చూసి. నిప్పు పాతదే, దాని పక్కకి వచ్చిన బట్ట కొత్తది.

గుడ్డ కాలదు, గుడ్డలోంచి వచ్చే ఆవిరి కాలుద్ది

ముందు ఈ ఒక్క ముక్క అర్థమైతే మిగతావన్నీ తేలిక. గుడ్డకి వేడి తగిలినప్పుడు దాంట్లోంచి మండే వాయువులు బయటికొస్తాయి, అవి గాలిలో ఆక్సిజన్‌తో కలిసి మండుతాయి, ఆ మంట వేడికి పైనున్న గుడ్డ మళ్ళీ వాయువులు వదుల్తుంది. అలా పైకి పాకుతూ పోద్ది. అందుకే ఒకే గుడ్డని నేల మీద పరిచి అంటిస్తే మెల్లగా కాలుద్ది, నిలువుగా వేలాడదీసి కింద అంటిస్తే బుస్సున పైకి లేస్తుంది, మంట ఎప్పుడూ పైకే పోతుంది కాబట్టి పైనున్న గుడ్డ ముందే వేడెక్కి సిద్ధంగా ఉంటుంది. పిల్లలు నుంచుని ఉంటారు, గౌను వేలాడుతూ ఉంటుంది. పైగా వదులు గౌనుకీ ఒంటికీ మధ్య ఖాళీ ఉండటంతో అందులోంచి గాలి పైకి లాగుద్ది, అచ్చం పొయ్యి గొట్టంలాగ. ఒంటికి అతుక్కుని ఉండే బట్టకి ఆ గాలి అందదు.

గుడ్డ ఎంత పల్చగా ఉంటే అంత తొందరగా వేడెక్కుద్ది. నెట్ గుడ్డైతే చిల్లులన్నిటిలోంచీ గాలి ఆడుతుంది. దూదీ అంతే. స్కూల్లో రుషి వేషానికో శాంటా తాత వేషానికో గడ్డానికి దూది అంటిస్తాం చూడండి, దూది అంటే విడివిడి పోగులూ గాలీ, అంతకంటే తేలిగ్గా అంటుకునేది వేషంలో ఇంకోటి ఉండదు. అది సరిగ్గా ముక్కు కింద ఉంటుంది, ఆ వేషంలోనే జ్యోతి ప్రజ్వలన ఫొటోకి పిల్లాణ్ణి నుంచోబెడతారు.

కాటనా, పాలిస్టరా: ఇద్దరి మాటలోనూ నిజం ఉంది

గుడ్డ ఎంత తేలిగ్గా మండుద్దో చెప్పడానికి ల్యాబుల్లో ఒక లెక్క ఉంది, మంట ఆరిపోకుండా ఉండాలంటే గాలిలో కనీసం ఎంత శాతం ఆక్సిజన్ కావాలి అని. మనం పీల్చే గాలిలో 21 శాతం ఉంటుంది. కాటన్‌కి 18 శాతం చాలు. పాలిస్టర్‌కి 20, 21 దగ్గర కావాలి. అసలైన పట్టుకి 23 దాకా, ఉన్నికి 25 దాకా కావాలి. అంటే కాటన్ మామూలు గాలిలో హాయిగా మండుతూ పోద్ది, ఉన్ని మాత్రం నిప్పు తీసేస్తే తనంతట తనే ఆరిపోయే రకం. పాలిస్టర్ సరిగ్గా గీత మీద ఉంది.

ఈ అంకెలు చూస్తే పాలిస్టరే నయం కదా అనిపిస్తుంది. అనేవాళ్ళు ఉన్నారు కూడా, వాళ్ళ మాట తప్పు కాదు, చిన్న రవ్వ పడితే పాలిస్టర్ చాలాసార్లు మండకుండా ముడుచుకుని వెనక్కి పోద్ది. మా పిల్ల విషయంలో జరిగింది అదే. కానీ పాలిస్టర్ సుమారు 250, 260 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, కొవ్వొత్తి మంటా, కాకరపువ్వొత్తూ వెయ్యి డిగ్రీల చుట్టుపక్కల ఉంటాయి. కరిగిన పాలిస్టర్ జిగటగా చర్మానికి అతుక్కుని, వేడి వదలకుండా కాలుస్తూనే ఉంటుంది, లాగితే చర్మం కూడా వస్తుంది. కాలిన గాయాలు చూసేవాళ్ళు సింథటిక్ వద్దు అని మొత్తుకునేది ఇందుకే. కాటన్ కరగదు, అతుక్కోదు, కానీ మంట మటుకు ఆగదు.

మా పెరట్లో కుళాయి పక్కన కూచుని నేనే ఒకసారి చూశాను, పిల్లలెవరూ లేనప్పుడు. ఆ గౌను లోపలి కుట్టులోంచి లాగిన దారం, పాత పంచెలోంచి ఒక పోగు, మా అమ్మ పాత పట్టుచీర కొంగు కుచ్చులోంచి ఒక పోగు, ఒక్కోటి పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల చూపించా. పంచె పోగు కాగితంలాగ వెంటనే అంటుకుని, మంట ఆరాక కూడా ఎర్రగా పాకుతూ వెళ్ళి బూడిదైపోయింది, కాగితం కాలిన వాసన. గౌను దారం మంట దగ్గరకి రాకముందే వెనక్కి ముడుచుకుపోయి, తర్వాత అంటుకుని నల్లటి బొట్టు ఒకటి సిమెంటు మీద పడింది, చల్లారాక చూస్తే ఆవగింజంత గట్టి పూస. పట్టు పోగు నెమ్మదిగా చిటపటలాడి అగ్గిపుల్ల తియ్యగానే ఆరిపోయింది, వెంట్రుకలు కాలిన వాసన. ఆ నల్ల బొట్టు పడటం చూశాక నాకింకెవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

పట్టు మంచిదన్నారుగా అని పిల్ల పట్టు పరికిణీ చూసి ధైర్యపడేముందు ఒక మాట. కొట్లో పట్టు అని అమ్మే పిల్లల లంగాల్లో చాలావాటికి పట్టు అన్న పేరే గానీ గుడ్డ పాలిస్టరే, లోపల లైనింగ్ కూడా చూడాలి.

రెండూ కలిపి నేసిన గుడ్డ సంగతి ఇంకా చిత్రం. సగం కాటన్, సగం పాలిస్టర్ అంటే రెండిట్లో మంచి వచ్చుద్ది అనుకుంటాం. చాలాసార్లు అలా జరగదు. ఒట్టి పాలిస్టర్ కరిగి కింద పడిపోయి మంట నుంచి తప్పుకుంటుంది, ఇక్కడ మాత్రం కాటన్ పోగు దాన్ని పడిపోనివ్వకుండా పట్టుకుంటుంది. ప్రమిదలో ఒత్తి నూనెని పట్టుకున్నట్టు అనమాట. ఒత్తి కాటనూ, నూనె పాలిస్టరూ అయితే దీపం ఎంతసేపైనా వెలుగుతుంది కదా.

లేబుల్ మీద రాసింది ఒకటి, మనకి అర్థమయ్యేది ఇంకోటి

డల్లాస్ నుంచి మా వదిన పిల్లలకి నైట్ డ్రస్సులు తెచ్చింది. మెడ దగ్గర పసుపుపచ్చ అట్టముక్క వేలాడుతోంది, మంటల గురించి ఏదో రాసుంది. ఇంట్లో అందరూ ఇవి మంటలకి అంటుకోవంట అని మురిసిపోయారు. తీరా చదివితే దానికి పూర్తిగా వ్యతిరేకం, ఇది మంటని తట్టుకునే గుడ్డ కాదు కాబట్టి ఒంటికి బిగుతుగా ఉండేలాగే వెయ్యండి అని. అమెరికాలో చిన్నపిల్లల రాత్రి బట్టలకి 1970ల నుంచీ గట్టి రూలు ఉంది, మంటకి పెట్టి తీస్తే ఆరిపోవాలి. 1996లో దాంట్లో ఒక సడలింపు ఇచ్చారు, బిగుతుగా ఉండే కాటన్ బట్టలకి ఆ పరీక్ష అక్కర్లేదని. ఆ పసుపుపచ్చ అట్ట వాటికే వస్తుంది. ఇక్కడ మన అలవాటు ఏంటి, ఎదిగే పిల్లలు కదా అని రెండు సైజులు పెద్దవి తెప్పిస్తాం. అప్పుడు ఆ గుడ్డకి పరీక్షా లేదు, బిగుతూ లేదు.

ఎందుకిచ్చారు ఆ సడలింపు అని అడిగితే అదొక పెద్ద వాదన. గుడ్డ అంటుకోకుండా రసాయనాలు పూసేవాళ్ళు, వాటిల్లో ట్రిస్ అనేదాని వల్ల క్యాన్సర్ రావచ్చని తేలి 1977లో పిల్లల బట్టల్లో నిషేధించారు. అప్పట్నుంచి తల్లులకి రసాయనం అంటేనే భయం. మంట అరుదుగా వస్తుంది గానీ రసాయనం రోజూ ఒంటి మీద ఉంటుంది అని ఒకళ్ళు, ఆ అరుదు మన ఇంట్లో జరిగితే ఏంటి అని ఇంకొకళ్ళు. రెండు భయాలూ న్యాయమైనవే, నాకైతే బిగుతు కాటన్ అనే మధ్యదారి రోజువారీ రాత్రి బట్టలకి బాగుందనిపిస్తుంది, వేషాల బట్టలకి మాత్రం ఆ దారి లేదు, వేషం అంటేనే వేలాడాలి.

మరి వేషాల సంగతి? అమెరికాలో వాటికి మామూలు బట్టల రూలే. గుడ్డ ముక్కకి ఒక్క సెకను మంట చూపించి, అది 127 మిల్లీమీటర్లు కాలడానికి ఎంతసేపు పట్టిందో చూస్తారు, నూగు లేని గుడ్డకి మూడున్నర సెకన్లు దాటితే పాస్. అంటే సెకనుకి 36 మిల్లీమీటర్లు పాకినా పాసే. యూరప్‌లో వేషాల బట్టల్ని బొమ్మల కింద లెక్కేస్తారు, అక్కడ హద్దు సెకనుకి 30 మిల్లీమీటర్లు, 10 దాటితే నిప్పుకి దూరంగా ఉంచమని రాయాలి. 2014 హాలోవీన్ రాత్రి ఇంగ్లాండులో టీవీ యాంకర్ క్లాడియా వింకిల్‌మన్ కూతురి మంత్రగత్తె గౌను గుమ్మడికాయ కొవ్వొత్తికి అంటుకుని ఆ పాప బాగా కాలిపోయింది, ఆవిడ దాని గురించి బయటికొచ్చి మాట్లాడాక పెద్ద గొడవైంది. రాత్రి బట్టలకి ఉన్నంత కట్టడి వేషాల బట్టలకి ఎందుకు లేదని జనం అడిగారు. ఆ తర్వాత అక్కడి కొట్లవాళ్ళ సంఘం తమంతట తామే సెకనుకి 10 మిల్లీమీటర్లు అని హద్దు పెట్టుకున్నారు.

ఈ అంకెల్ని మా పిల్ల గౌను మీద పెట్టి చూద్దాం. అంచు నుంచి మెడ దాకా 90 సెంటీమీటర్లు, అంటే 900 మిల్లీమీటర్లు. సెకనుకి 10 చొప్పున పాకితే 90 సెకన్లు. 30 అయితే 30 సెకన్లు. 36 అయితే 25. వంటింట్లో బూరెల మూకుడు దగ్గరున్న మా అక్కకి పిల్ల అరుపు వినపడి, స్టవ్ కట్టి, హాలు దాటి, అరుగు దిగి వాకిట్లోకి రావడానికి నా లెక్కలో పదిహేను సెకన్లు. తొంభైలో పదిహేను పోతే చాలా మిగుల్తుంది. పాతికలో పదిహేను పోతే మంట అప్పటికి గౌనులో సగం దాటిపోయింది. పైగా ఇవి ల్యాబులో ముక్కని పట్టి కొలిచిన లెక్కలు, పరిగెత్తే పిల్ల ఒంటి మీద ఇంకా తొందరగా పోద్ది, పరిగెత్తితే గాలి విసిరినట్టే కదా.

మన దేశంలో 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ళ లోపు పిల్లల బొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి, దాని వెనకున్న ప్రమాణాల్లో మంటల పరీక్షకి ప్రత్యేకంగా ఒక భాగం ఉంది, ఐఎస్ 9873 రెండో భాగం. కానీ మన ఊళ్ళల్లో పిల్లల వేషాలు వచ్చేది బొమ్మల కొట్టు నుంచి కాదు, వేషాలు అద్దెకిచ్చే షాపు నుంచి, లేదా మీటరు లెక్కన నెట్ కొని టైలర్ దగ్గర కుట్టించి. వాటిని ఎవరూ ఏ పరీక్షా చెయ్యరు. నేను అడిగిన ఒక అద్దె షాపతను పాపం ఈ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదండి అన్నాడు.

బ్యాటరీ దీపాలు పెడితే సరిపోద్దా

గుమ్మడికాయలో కొవ్వొత్తి బదులు ఎల్ఈడీ పెట్టడం వల్ల మంట భయం పోతుంది, అందులో రెండో మాట లేదు. హాలోవీన్‌కి అయితే మన పాత ఆచారం ఏదీ దానికి అడ్డం రాదు కూడా. కానీ ఆ చిన్న ప్రమిదల్లాంటి దీపాల్లో చాలావాటికి రూపాయి బిళ్ళ లాంటి బటన్ బ్యాటరీ ఉంటుంది. అది చంటిపిల్లలు మింగి గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహికని కాల్చేస్తుంది. నిప్పు లేకుండానే కాలిన గాయం. అడుగున మూతకి స్క్రూ ఉన్న దీపం వేరు, గోరుతో ఊడొచ్చే మూత ఉన్నది వేరు.

కార్తీకదీపం దగ్గరకి వచ్చేసరికి ఎల్ఈడీ మాట ఎత్తితే మా అమ్మ ఒప్పుకోదు, ఆవు నెయ్యీ ఒత్తీ లేని దీపం దీపమేంటి అంటుంది. ఆవిడ మాట నేను కాదనను. ఆవిడ చిన్నప్పట్నుంచీ చూసింది తడి బట్టలతో, నూలు చీరలతో, కొంగు నడుముకి దోపుకుని పెట్టే దీపం. ఆ పద్ధతిలో జాగ్రత్త దానంతట అదే కలిసుంది, ఇప్పుడు దీపం అలాగే ఉండి బట్ట మాత్రం మారిపోయింది.

ఇంకోటి, ఈ మధ్య పుట్టినరోజులకీ పార్టీలకీ నురగ స్ప్రేలు కొడుతున్నారు. వాటిని బయటికి తోసే గ్యాసు చాలా డబ్బాల్లో మన వంట సిలిండర్‌లో ఉండే ప్రొపేన్, బ్యూటేన్ రకమే. కేకు మీద కొవ్వొత్తి వెలుగుతుండగా కొడితే ఏమవుద్దో వేరే చెప్పక్కర్లేదు, హాలోవీన్ జుట్టుకి కొట్టే రంగు స్ప్రేలదీ అదే కథ.

భోగి మంట, స్వెట్టరు

మన దగ్గర అసలు పెద్ద నిప్పు జనవరిలోనే. కొబ్బరి మట్టలు, తాటాకులు, పాత దుంగలు పేర్చి తెల్లారగట్ట మంట వేస్తాం, పిల్లలు నెల ముందు నుంచీ చేసిన భోగి పిడకల దండలు తెచ్చి అందులో వెయ్యాలి. చలి కాబట్టి ఒంటి మీద స్వెట్టరు, తలకి మంకీ క్యాప్. ఉన్ని అంటాం గానీ అవి ఎక్కువ శాతం ఆక్రిలిక్, దానికి కాటన్ లాగే 18 శాతం ఆక్సిజన్ చాలు, పైగా కరుగుద్ది కూడా. అసలైన ఉన్ని స్వెట్టరుకీ దీనికీ చూడ్డానికి తేడా తెలీదు, నిప్పు దగ్గరే తెలుస్తుంది.

మంచుకి తడిసి మంట అంటుకోకపోతే పెట్రోలు పోస్తారు కొంతమంది. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, నేల మీద పరుచుకుంటూ వెళ్ళి చుట్టూ నుంచున్న చిన్నపిల్లల కాళ్ళ దాకా వస్తుంది. అగ్గిపుల్ల గియ్యగానే మంట దుంగల మీద కాదు, ముందు ఆ ఆవిరి ఉన్నచోటల్లా లేస్తుంది. మా వీధిలో ఇప్పుడు పిడకల దండని పొడుగాటి వెదురు కర్రకి తగిలించి పిల్లల చేత వేయిస్తున్నారు, ఒక పెద్దాయన మొదలెట్టాడు, పిల్లలకి అదే సరదాగా ఉంది.

అంటుకున్నాక: పిల్లల ఒళ్ళు చిన్నది కాబట్టి లెక్క వేరు

ఒళ్ళు ఎంత కాలిందో చెప్పడానికి డాక్టర్లు శాతాల్లో మాట్లాడతారు. వేళ్ళతో కలిపి ఎవరి అరచెయ్యి వాళ్ళ ఒంట్లో సుమారు ఒక శాతం. పెద్దవాళ్ళలో తల 9 శాతమైతే చంటిపిల్లల్లో 18. పెద్దవాళ్ళకి 15 శాతం దాటితే సెలైన్ ఎక్కించాల్సి వస్తుంది, పిల్లలకి 10 దాటితే చాలు. ఒక కాలు మొత్తం చుట్టూ కాలితే పిల్లల్లో ఆ 10 దాటిపోతుంది. గౌను కింద అంచు అంటుకోవడం అంటే అదే.

మంట ఉన్నంతసేపూ పిల్ల పరిగెత్తడమే పెద్ద ప్రమాదం, అందుకే బయటి దేశాల్లో ఆగు, పడుకో, దొర్లు అని చిన్నప్పుడే నేర్పుతారు. పడుకుంటే మంట మొహం దాకా పాకదు, దొర్లితే గాలి అందక ఆరుద్ది. నాలుగేళ్ళ పిల్లకి ఆ భయంలో అది గుర్తొస్తుందా అనే అనుమానం న్యాయమైందే, అక్కడ పెద్దవాళ్ళు కింద పడుకోబెట్టి మందపాటి నూలు దుప్పటో గోనెపట్టానో కప్పెయ్యడమే పని చేస్తుంది.

తర్వాత నీళ్ళు. మామూలు చల్లటి కుళాయి నీళ్ళు, 20 నిమిషాల పాటు కాలిన చోట పారుతూ ఉండాలి, మూడు గంటల లోపు ఎప్పుడు పోసినా ఉపయోగం ఉంది. పైన మంట ఆరినా చర్మం లోపల వేడి ఇంకా లోతుకి దిగుతూనే ఉంటుంది, నీళ్ళు దాన్ని లాగేస్తాయి. ఐసు పెడితే రక్తం అందక గాయం ఇంకా పాడవుద్ది. టూత్‌పేస్ట్, కాఫీ పొడి, సిరా, పసుపు పూసేవాళ్ళు కావాలని చెడు చెయ్యరు, పూయగానే చల్లగా అనిపిస్తుంది కాబట్టి నమ్ముతారు, కానీ అవి వేడిని లోపలే మూసేస్తాయి, ఆసుపత్రిలో మళ్ళీ అదంతా గోకి తీసేటప్పుడు పిల్ల పడే బాధ చెప్పలేం. అరటాకు వేస్తారు కదా మన వైపు అని అడుగుతారు, ఆసుపత్రుల్లో అరటాకుని డ్రెస్సింగ్‌గా వాడిన మాట నిజమే, అది స్టెరిలైజ్ చేసిన ఆకు, పెరట్లోంచి కోసుకొచ్చింది కాదు. గాజులు, ఉంగరం, మొలతాడు ముందే తీసెయ్యాలి, వాపు వస్తే తియ్యలేం. అతుక్కున్న గుడ్డని మాత్రం లాగకుండా చుట్టూ కత్తిరించి 108కి ఫోన్ చెయ్యడమే.

2025లో దీపావళి అక్టోబర్ 20నే అయిపోయింది, హాలోవీన్ నాటికి కార్తీకమాసం వచ్చేసింది. మా మేనకోడలు ఆ గౌనే, చేతికి చిల్లు ఉన్నదే, మళ్ళీ స్కూలుకి వేసుకెళ్ళింది, వాళ్ళమ్మ ఆ వేలాడే చేతులు మణికట్టు దగ్గర మడిచి కుట్టేసింది. సాయంత్రం బస్సు దిగి వస్తూనే వాళ్ళ అమ్మమ్మ అరుగు మీద ఆపేసి, ముందు గౌను విప్పి దండెం మీద వేయించి, పాత నూలు లంగా కట్టించి అంచు నడుముకి దోపి, అప్పుడు తులసికోట దగ్గరకి తీసుకెళ్ళింది. దీపం ఇద్దరూ కలిసే పెట్టారు, మొహానికి పూసిన నల్లరంగు పిల్లకి ఇంకా అలాగే ఉంది.